తూకం తప్పని అడవి

పూతికొండ అడవిలో పులులు లేవు. ఎలుగుబంట్లు ఉన్నాయంటారు గాని చూశామన్నవాళ్లు ఎవరూ కనబడరు. అక్కడికి వెళ్లేవాళ్లు భయపడేది ఒక్క కాటాకే.

ఆ కాటాను బెల్లం మార్కెట్లో వేలం వేస్తుంటే అటవీశాఖవారు పాడుకొచ్చారు. ఇప్పటికీ ఎండ ముదిరితే దాని పళ్లెం మీద జిగురు తేలుతుంది, చీమలు బారులు తీరుతాయి. దానిమీద తూగకుండా ఎవరూ అడవిలోకి వెళ్లడానికి వీల్లేదు. తూగకుండా బయటికి రావడానికి అసలే వీల్లేదు. లోపలికి పోయినప్పుడు ఎంత బరువున్నారో, బయటికి వచ్చేటప్పుడూ అంతే ఉండాలి. పెరిగితే అడవి సొత్తు ఎత్తుకొస్తున్నట్టు. తగ్గితే అడవిలో ఏదో పారేసి వస్తున్నట్టు.

రాళ్లు నింపిన రెండు డ్రమ్ములు, వాటి మధ్య తాడు వదిలితే పైకి లేచే వాసం, అదే గేటు. దాని పక్కన కుర్చీ వేసుకుని ఈ నిబంధనను కంటికి రెప్పలా కాపాడే మనిషి ముక్కామల దైవాధీనం, సెక్షన్ ఆఫీసరు. నిఖార్సయిన మనిషి. ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లనిచ్చిన మామగారు అల్లుడి అడవి చూడటానికి వచ్చి, ముచ్చటపడి ఒక వెదురు చేతికర్ర నరుక్కున్నారు. దైవాధీనం కర్రను స్వాధీనం చేసుకుని, మామగారి మీద కేసు రాశాడు. ఆ పెద్దాయన పోయేదాకా అల్లుడితో మాట్లాడలేదు. దైవాధీనం మాత్రం ఆ మౌనాన్ని తన సర్వీసుకు దక్కిన మెప్పుగానే లెక్కవేసుకున్నాడు.

నిజానికి మొదట్లో ఇది మంచి మాటే. కొండెక్కుతామని, గుడారాలేసుకుంటామని, పిక్నిక్కులని పట్నం జనం ఎగబడి వచ్చి, సెలయేటి పొడుగునా సీసాలూ చిప్సు పొట్లాలూ పరిచి పోతుంటే జిల్లా అటవీ అధికారి, డీఎఫ్ఓ అభిరామ్ గారికి కడుపు మండింది. ఆయన కుర్రాడు, చల్లటి దేశమేదో వెళ్లి శిక్షణ పొంది వచ్చినవాడు. గేటు దగ్గర పెద్ద బోర్డు పెట్టించాడు: "తెచ్చింది తీసుకుపోండి. ఉన్నది ఉంచిపోండి." చదివినవాళ్లందరూ మెచ్చుకున్నారు. ఆ రెండు ముక్కల దగ్గర ఆగి ఉంటే గొడవే లేదు.

గొడవ పులిహోరతో మొదలైంది. కాకినాడనుంచి వచ్చిన ఒక కుటుంబం సాయంత్రం ఖాళీ గిన్నెతో గేటు దగ్గరికి వచ్చింది.

"పొద్దున ఈ గిన్నె నిండా పులిహోర ఉంది. ఏదీ?" అన్నాడు దైవాధీనం.

"తినేశామండి."

"తిన్నారనడానికి ఆధారం?"

"ఆధారం ఏటండీ బాబూ, పొట్టలో ఉంటేనూ!"

దైవాధీనానికి ఇది తీసిపారేసే మాటగా తోచలేదు. పొట్టలోనే ఉందో, పొదలో ఉందో ఎవడు చూశాడు? పైకి రాశాడు. అభిరామ్ గారినుంచి జవాబు వచ్చింది: "సందర్శకుని ఉదరమందున్న పులిహోర సందర్శకునితో సహా నిష్క్రమించినట్లే పరిగణించవలెను. అయితే అది ఉదరమందే యున్నదని తూకము ద్వారా నిర్ధారించుకొనవలెను." మరుసటి వారమే కాటా దిగింది.

కాటా దిగాక గాని మనుషులు అడవిలో ఎన్నెన్ని వదిలేసి పోతున్నారో శాఖకు తెలిసిరాలేదు. హైదరాబాదు కుర్రాళ్లు కొందరు కొండ చివరిదాకా ఎక్కి దిగి వచ్చి తూగితే ఒక్కడూ సరిపోలేదు.

"ఏం పారేశారు?"

"ఏమీ లేదు సార్. బాగా చెమట పట్టింది."

"ఆ చెమట ఎక్కడుంది?"

చెమటంతా అడవిలోనే ఉంది. దాన్ని వెనక్కి తెచ్చే మార్గం లేదు కనక, బీట్ గార్డు బుల్లబ్బాయి వాళ్లను వరసగా కూర్చోబెట్టి, ముల్లు పొద్దుటి చోటికి వచ్చేదాకా బిందెలతో నీళ్లు తాగించాడు. కొండెక్కడం తేలికేనని, దిగాక తాగడమే కష్టమని వాళ్లు ఊరెళ్లి చెప్పుకున్నారట.

ఇంకో రోజు ఒక బట్టల షావుకారు బరువు పెరిగి వచ్చాడు. నిలువెల్లా సోదా చేస్తే ఏమీ దొరకలేదు. తీరా చూస్తే జలపాతం కింద స్నానం చేసి తడిబట్టలతో వచ్చాడు. సెలయేటి నీళ్లు అడవివి. బుల్లబ్బాయి ఒక కొసా, ఆయన ఒక కొసా పట్టుకుని పంచె పిండి, నీళ్లను అడవి వైపు పారబోసి పంపారు.

వానాకాలంలో జలగల సమస్య వచ్చిపడింది. జలగ పట్టినవాడు రక్తం తగ్గి వస్తాడు. ఆ రక్తం తెచ్చినదే గాని, ఉన్నచోట మాత్రం జలగ పొట్టలో ఉంది. దీనిమీద అభిరామ్ గారు రెండు పేజీలు రాశారు. "జలగ అటవీ జీవి. అది సందర్శకునినుండి స్వీకరించిన రక్తము కానుక క్రిందికి వచ్చును. ప్రభుత్వ ఆధీనములోని జీవులు కానుకలు స్వీకరించుట నిషిద్ధము." జలగలకు ఈ సంగతి చెప్పేవాళ్లు లేరు కనక, వచ్చినవాళ్ల కాళ్లకే పొగాకు రసం పూసి పంపడం మొదలుపెట్టారు.

రాత్రి గుడారాల్లో ఉండేవాళ్లు పొద్దున్నే చెంబు పట్టుకుని పొదల చాటుకు పోతారు గదా. అక్కడ వదిలింది తెచ్చినదా, ఉన్నదా అని సమీక్షా సమావేశంలో పెద్ద చర్చ జరిగింది. తెచ్చినప్పుడు అది ఇడ్లీ అని ఒకాయన. ఇప్పుడు అది ఎరువు, అడవికి మేలే కదా అని మరొకాయన. భోజన విరామందాకా తెగలేదు. భోజనాలయ్యాక, అది తెచ్చినదేనని ఏకగ్రీవంగా తీర్మానించారు. అప్పటినుంచి గుడారంతో పాటు మనిషికో మూత బిగించే డబ్బా కూడా ఇస్తున్నారు.

ఇంత నిష్ఠ వృథా పోతుందా? ఆ ఏడాది ఉత్తమ అరణ్యం బహుమతికి పూతికొండ పేరు పైదాకా వెళ్లింది. కార్తీకం దాటాక కమిటీ వస్తుందన్నారు. ఈలోగా ఒక్క తూకం కూడా తప్పకూడదని అభిరామ్ గారు గేటు స్తంభానికి కెమెరా బిగించి, తన ఆఫీసులో కూర్చుని గేటును చూస్తూ ఉండిపోయారు. ఆయనకు అడవి చూడటానికి తీరిక దొరికింది కాదు.

కార్తీకమాసం వచ్చింది. దైవాధీనం భార్య పేరిందేవి అన్నం వడ్డిస్తూ అంది: "ఏవండీ, ఈ ఆదివారం మా మహిళామండలి వనభోజనాలు మీ అడవిలోనే."

"మా అడవి కాదు. ప్రభుత్వానిది."

"ప్రభుత్వానికి ఉసిరిచెట్టు ఉందా?"

"ఉంది."

"అయితే వస్తున్నాం. హైమ కూడా వస్తోంది."

హైమ వాళ్ల ఒక్కగానొక్క కూతురు. పురిటికి పుట్టింటికి వచ్చింది. ఎనిమిదో నెల.

"ఈ స్థితిలో దాన్ని అడవికి తీసుకొస్తావా?"

"డాక్టరమ్మ రోజూ నడవమంది. గేటు దాకా వేన్లోనే వస్తాం. అక్కణ్ణించి ఉసిరిచెట్టు ఎంత దూరం? కార్తీకంలో ఉసిరి నీడన నాలుగు మెతుకులు తింటే కడుపులో బిడ్డకి మంచిది."

"కాటా ఎక్కాల్సి ఉంటుంది."

"ఎక్కుతాం లెండి. నా బరువు ఎంతో మీకు తెలియడానికి ఇన్నేళ్లకి ఆ కాటా రావలసొచ్చింది."

ఆదివారం పొద్దున వేను గేటు బయట ఆగింది. దిగిన ఆడవాళ్లు పదిహేను మంది. వాళ్లలో రిటైరయిన నర్సు మేరీరత్నం కూడా ఉంది. గుడికి రాదు గాని వనభోజనాలకు తప్పకుండా వస్తుంది. అందరూ ఒకే గిన్నెల్లోంచి తింటారు కనక అందరినీ కలిపి ఒకే తూకంగా కట్టాలని దైవాధీనం నిర్ణయించాడు. గిన్నెలూ, అరిటాకులూ, పూజ సామానూ, హైమకి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీ, పందిరికి తెచ్చిన వెదుళ్లూ, మనుషులూ విడతలు విడతలుగా కాటా ఎక్కారు. కూతురు ఎక్కినప్పుడు దైవాధీనం ముల్లు చూడకుండా మొహం తిప్పుకున్నాడు. అది తండ్రి ప్రేమ. ఆ వెంటనే బుల్లబ్బాయిని రెండోసారి చూడమన్నాడు. అది ఉద్యోగం.

మధ్యాహ్నం వడ్డన మొదలయ్యే వేళ బుల్లబ్బాయి రొప్పుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"బాబుగారండీ! అమ్మాయిగారికి నొప్పులొచ్చేసినాయండి! రత్నమ్మగారు చీరలడ్డం కట్టించేశారండి!"

దైవాధీనం కుర్చీలోంచి లేచాడు. లోపల్నుంచి కూతురి కేక సన్నగా వినబడింది. కాళ్లు అటు లాగాయి. లోపల సందర్శకులు ఉండగా గేటు విడిచి పోరాదన్న నిబంధన ఇటు లాగింది. ఆ మనిషి గేటు తాడు పట్టుకుని అక్కడే నిలబడి, కేక కేకకూ తాడును అరచేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు. ఏడుపొచ్చింది గాని కెమెరా చూస్తోందని మింగేశాడు.

కాసేపటికి పిల్లి కూతంత గొంతు ఒకటి వినబడింది.

ఆడపిల్ల. నెలలు నిండకుండా వచ్చిన పిల్ల. ఊదితే ఎగిరిపోయేలా ఉంది. మేరీరత్నం దాన్ని తల్లి గుండెకు ఆనించి, పైన పట్టుచీర కప్పి, "ఆలస్యం చెయ్యకూడదమ్మా. దీన్ని తొందరగా పట్నంలో గాజుపెట్టెలో పెట్టాలి" అంది. అంబులెన్సుకి ఫోను చేశారు. హైమను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీ కింద పందిరి వెదుళ్లు కట్టి, పల్లకీలా మోసుకుంటూ గేటు దగ్గరికి వచ్చారు. అప్పటికే అంబులెన్సు గేటు బయట నిలబడి ఉంది. లోపలికి వస్తామంటే, వస్తే సిలిండరుతో సహా తూగాలని, లోపల ఆక్సిజన్ వాడితే ఆ మేరకు తగ్గుతుందని దైవాధీనం వాళ్లకు వివరంగా చెప్పి ఉన్నాడు.

"ముందు తూకం," అన్నాడు దైవాధీనం. తాడు ఇంకా అరచేతికి చుట్టే ఉంది.

పేరిందేవి ఏదో అనబోయింది. మేరీరత్నం ఆమెను ఆపింది. "తూచనివ్వండమ్మా. వాదించేలోపు అయిపోద్ది." అందరూ తూగారు. తాకని వంటలు తూగాయి. బిడ్డ వెంట పడిన మాయను కూడా మేరీరత్నం మూత డబ్బాలో పెట్టి తెచ్చింది. నిబంధన విన్న మనిషి కదా.

బుల్లబ్బాయి విడతలన్నీ కూడి చూసి నోరు వెళ్లబెట్టాడు. "సరిపోయిందండి! గోరంత తేడా లేదండి! ఈ కాటా వచ్చాక ఇలా తూగడం ఇదే మొదటిసారండి!"

దైవాధీనం కళ్లు చెమర్చాయి. తాడు వదలబోయాడు. అప్పుడే జేబులో ఫోను మోగింది. అభిరామ్ గారు. ఒక చేతికి తాడు చుట్టి ఉంది కనక స్పీకరు మీద పెట్టాడు.

"దైవాధీనం, తూకము సరిపోయినది. అభినందనలు. కానీ శాల్తీలు సరిపోవుట లేదు. పదిహేను శాల్తీలు ప్రవేశించినవి. పదహారు నిష్క్రమించుచున్నవి."

"పదహారోది నా మనవరాలండి."

"బంధుత్వము తరువాత. ఎక్కడ లభించినది?"

"ఉసిరిచెట్టు కిందండి."

"అనగా మొదట లేదు, అడవిలో ఏర్పడినది. తేనె, బంక, కుంకుడుకాయ, ఇవన్నియు అట్టివే. అది చిన్నతరహా అటవీ ఉత్పత్తి. రవాణా పర్మిట్ లేకుండా గేటు దాటరాదు."

"పర్మిట్ ఇప్పించండి సార్. పిల్ల బాగా నీరసంగా ఉందండి."

"తప్పక ఇచ్చెదము. జాతి పేరు, చుట్టుకొలత వ్రాసి పంపుము. చివర సుత్తి ముద్ర వేయుము."

"సుత్తి ముద్రేంటండీ?" అంది హైమ, కుర్చీలోంచి తల ఎత్తి.

"దుంగలకు వేస్తారమ్మా," అన్నాడు బుల్లబ్బాయి. "ఇనప సుత్తితో గట్టిగా ఒక్కటి కొడతారు."

పేరిందేవి ఒంటికాలి మీద లేచింది. ఆ అరుపులు ఫోనులోకి వెళ్లాయి. అభిరామ్ గారు కాస్త మెత్తబడ్డారు. "ఆందోళన వలదు. మరొక మార్గమున్నది. దీనిని ఉత్పత్తిగా గాక జీవిగా పరిగణింతము. అడవిలో పుట్టిన కూనను తల్లినుండి వేరుచేయరాదు. ఇరువురూ లోపలనే ఉండవచ్చును."

"మరి గుడారం తీసుకోని సందర్శకులు అయిదు గంటలకల్లా బయటికి పోవాలి కదండీ?" దైవాధీనం అలవాటు కొద్దీ అడిగాడు.

"అవును. అదియు తప్పదు."

అంబులెన్సు కుర్రాడు గేటు బయటనుంచి అరిచాడు: "సార్, పాప రంగు చూడండి సార్!"

పేరిందేవి మొగుడి దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గడం దైవాధీనం పెళ్లయ్యాక ఎప్పుడూ వినలేదు.

"తాడు వదలండి."

"కెమెరా చూస్తోందే."

"కెమెరా చూస్తే చూడనీండి. మీరు పిల్లని చూడండి."

చూశాడు. పట్టుచీర అంచులోంచి గుప్పెడంత మొహం. పెదాలు నేరేడుపండు రంగుకి తిరుగుతున్నాయి. ముక్కు మాత్రం అచ్చం మామగారిదే. వెదురుకర్రతో కోపంగా నిలబడ్డ ముక్కు. ఈ పిల్ల కూడా తనతో మాట్లాడకుండానే పోతుందేమో అనిపించింది. అదే జరిగితే, అది తనకు దక్కిన మెప్పని ఇంకోసారి అనుకోలేడు.

అయినా నిబంధన దాటడం ఆ చేతికి రాదు. ముప్ఫై ఏళ్లుగా అలవాటు లేని పని. అందుకే నిబంధన లోపలే ఏదైనా సందు దొరుకుతుందేమోనని వెతుక్కున్నాడు.

"సార్," అన్నాడు ఫోనులోకి, "అడవి ఎక్కడిదాకా అండి?"

"ఇదేమి ప్రశ్న? గేటు లోపలనున్నది అడవి. గేటు వెలుపలనున్న దేనితోను మనకు ప్రమేయము లేదు."

"గేటంటే?"

"రెండు డ్రమ్ములు, ఒక వాసము, ఒక కెమెరా. సామగ్రి పట్టికలో ఉన్నది."

దైవాధీనం ఫోను జేబులో పెట్టుకున్నాడు. "బుల్లబ్బాయ్, హైమ కుర్చీ కదపొద్దు. గేటును లోపలికి దొర్లించండి."

బుల్లబ్బాయికి ఒక క్షణం అర్థం కాలేదు. మహిళామండలికి వెంటనే అర్థమైంది. కొంగులు బిగించారు. రాళ్లు నింపిన డ్రమ్ము ఒకటి హైమ కుర్చీకి కుడిపక్కనుంచి, ఇంకొకటి ఎడమపక్కనుంచి దొర్లింది. వాసం కూతురి తలమీదుగా వెళ్తుంటే దైవాధీనం తన చేత్తో పైకెత్తి పట్టుకున్నాడు. కెమెరా డ్రమ్ములో పాతిన స్తంభానికే ఉంది. ఎటు వంగినా దానికి తన గేటే కనబడింది. అభిరామ్ గారి తెర మీద గేటు గేటులాగే ఉంది. ఒక కుర్చీ మాత్రం, ఎవరూ ముట్టకుండానే, లోపల్నుంచి బయటికి వచ్చింది.

పిల్ల అంగుళం కదల్లేదు. అడవే వెనక్కి జరిగింది. అంబులెన్సు ముందుకు వచ్చి తల్లినీ పిల్లనీ ఎక్కించుకుని దుమ్ము రేపుకుంటూ పోయింది.

పిల్ల బతికింది. కొన్నాళ్లు గాజుపెట్టెలో ఉండి, ఇంటికి వచ్చి, ఊరు ఊరంతా లేచేలా ఏడవడం నేర్చుకుంది. దైవాధీనం దాన్ని ఒళ్లో పెట్టుకుని తన సస్పెన్షను కోసం ఎదురుచూశాడు. భయం వేయలేదు. పిల్ల ఏడ్చినప్పుడల్లా ఆ మనిషికి హాయిగా ఉండేది.

సస్పెన్షను రాలేదు. అభిరామ్ గారే వచ్చారు. కొత్త గేటు దగ్గర నిలబడి, పాత గేటు చోటు చూసి, మధ్యలో అటూ ఇటూ పచార్లు చేశారు. మొహం మెల్లగా వికసించింది.

"దైవాధీనం! ఉత్పత్తి అడవిని దాటలేదు. అడవియే ఉత్పత్తిని దాటినది. ఇందులో నేరమెక్కడ? ఇన్నేళ్లుగా శాఖ దొంగతనపు కేసులతో సతమతమగుచున్నది. గేటును సకాలములో జరిపినచో ఒక్క కేసైనను ఉండదు కదా!"

పది రోజుల్లో సర్క్యులరు వచ్చింది. గేట్లన్నిటికీ చక్రాలు బిగించాలన్నారు. కమిటీ వచ్చి, తూకాలు చూసి, శాల్తీలు చూసి, ఉత్తమ అరణ్యం బహుమతి పూతికొండకే ఇచ్చింది. అభిరామ్ గారు దండ వేయించుకుని, ఆ దండను తూచి అక్కడే వదిలి వెళ్లారు.

ఆ మర్నాడు తెల్లబట్టల మనిషి ఒకడు కారు దిగి గేటు దగ్గరికి వచ్చాడు. చేతిలో కాకినాడ కాజాల పెట్టె, పాపకు వెండి మువ్వలు. కంకర మిల్లుల ఆసామి.

"పాపగారు కులాసాయేనాండి?"

"ఆ. బాగానే ఉంది."

"దేవుడు చల్లగా చూడాలండి. గేటు జరిపి ప్రాణం నిలబెట్టారని ఊరంతా చెప్పుకుంటన్నారండి. నాదీ ఒక శాల్తీ గేటు లోపల ఉండిపోయిందండి. తమరు దయుంచి గేటు కాస్త అవతలికి నెట్టిస్తే..."

"నిబంధనలు ఉంటాయండీ," అన్నాడు దైవాధీనం.

"నిబంధన ప్రకారమేనండి ఆయ్. సర్క్యులరు కూడా తెచ్చుకున్నానండి."

దైవాధీనం కాదనబోయాడు. తన మనవరాలి కోసం జరిగిన గేటు ఇంకొకరి కోసం జరగదని ఏ మొహం పెట్టుకుని చెప్తాడు? అప్పుడు తాడు వదిలేసి ఉంటే తన ఒక్కడి ఉద్యోగంతో పోయేది. ఆ సంగతి ఇప్పుడు తెలిసింది. వెనకాల బుల్లబ్బాయి కొత్త చక్రాలకు నూనె పెడుతున్నాడు.

"ఏం శాల్తీ అది?" అని అడిగాడు ఎలాగో.

ఆసామి వినయంగా చెయ్యెత్తి, చెట్ల మీదుగా దూరంగా చూపించాడు.

"అదిగోనండి. ఆ కొండండి."